కార్పల్ టన్నెల్ ఆపరేషన్ తర్వాత మళ్లీ విండ్‌సర్ఫింగ్

మణికట్టులో నరాన్ని నొక్కుతున్న పట్టీని కోసేశాక నా వేళ్ల తిమ్మిరి త్వరగానే పోయింది. విండ్‌సర్ఫింగ్‌కి (తెరచాప ఉన్న పలకపై నిలబడి గాలితో నీళ్లపై సాగే ఆట) కావాల్సిన చేతి పట్టు మాత్రం అంత త్వరగా రాలేదు. కుట్లు విప్పినా, గాయం పూర్తిగా మానేదాకా నీళ్లలోకి దిగకండి. అరచేతి మొదట్లో నొప్పి కొన్ని నెలలు ఉండొచ్చు, కంగారు పడొద్దు.

నేను రోజూ తడి టవల్ పిండి చూసుకునేదాన్ని. నొప్పి లేకుండా గట్టిగా పిండగలిగాక, డాక్టర్‌ని అడిగి, మూడు నెలలు దాటాక కాలిఫోర్నియాలో మా ఫాస్టర్ సిటీ లగూన్‌లో దిగాను.

అసలు కష్టం ఒడ్డునే మొదలవుతుంది. తెరచాప బిగించే డౌన్‌హాల్ తాడును చేత్తో లాగకండి. హార్నెస్ (నడుముకు కట్టుకునే పట్టీ) కొక్కేనికి చుట్టి, ఒంటి బరువుతో వెనక్కి వాలండి. ఇది నన్ను నిజంగా కాపాడింది.

మామూలుగా 5.5 చదరపు మీటర్ల తెరచాప వేసే గాలికి 4.5 చాలు. మొదటి రోజు నుంచే హార్నెస్ వాడండి. దాని కొక్కేన్ని బూమ్‌కి (తెరచాపను పట్టుకునే అడ్డకర్రకి) ఉన్న తాళ్లకు తగిలించి చేతులు కాస్త వదులు చేసి చూడండి: వెనక చేతికి లాగుడు తెలిస్తే తాళ్లను వెనక్కి జరపాలి, ముందు చేతికైతే ముందుకు. బూమ్‌ని పిడికిలి బిగించి పట్టుకోవద్దు. వేళ్లను కొక్కేల్లా వేసి, మణికట్టు నిటారుగా ఉంచండి.

పడితే, తెరచాపను చేతులు చాచి, కాళ్ల బలంతో లేపండి. ఇరవై నిమిషాలకు బయటికి వచ్చేయండి. ఆ రాత్రి వేళ్లు తిమ్మిరెక్కితే ఆ వారం మళ్లీ దిగొద్దు, డాక్టర్‌కి చెప్పండి.