ఆటోక్రాస్‌కి ప్రాజెక్ట్ కారు ఎలా ఎంచుకోవాలి?

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసు చూసొచ్చిన రోజు నుంచి మా బావమరిదిది ఒకటే పోరు. "బావా, మనం కూడా ఒక రేసు కారు చేసుకుందాం" అని. అలాంటి ఆశ ఉన్నవాళ్లు మొదలుపెట్టాల్సింది ఆటోక్రాస్‌తోనే. ఖాళీ మైదానంలో కోన్లు పెట్టి మలుపుల దారి ఏర్పాటు చేస్తారు. ఒక్కో కారూ విడిగా వెళ్తుంది, పోటీ గడియారంతోనే. కోను తగిలి పడితే టైమ్‌కి సెకన్లు కలుపుతారు. చాలావరకు సెకండ్ గేర్‌లోనే అయిపోయే ఆట ఇది. కాబట్టి పెద్ద ఇంజన్ కోసం తిరక్కండి. పాత కారు కొని మనమే పోటీకి తగ్గట్టు చేసుకునేదే ప్రాజెక్ట్ కారు. దానికి తేలికైన, బాడీ దెబ్బతినని చిన్న కారు వెతకండి.

మొదట రూల్స్, తర్వాతే కారు

మన దేశంలో మోటార్ స్పోర్ట్‌ని చూసేది ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ (మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య). దాని గుర్తింపు ఉన్న పోటీలో దిగాలంటే లైసెన్స్ తీసుకోవాలి. క్లాసులు సాధారణంగా ఇంజన్ సీసీని బట్టి, కారులో చేసిన మార్పులను బట్టి ఉంటాయి. మీరు దిగాలనుకునే పోటీ రూల్స్ తెప్పించుకుని, ఏ క్లాసులో ఏం మార్చనిస్తారో పెన్సిల్‌తో గీసుకుంటూ చదవండి. కారు కొన్నాక చదివితే, మీ కారు తనకన్నా పెద్ద కార్ల క్లాసులో పడిందని అప్పుడు తెలుస్తుంది. పోటీ తారు మీదా, మట్టి మీదా అన్నది కూడా అడగండి. మట్టి అయితే ఇంజన్ కింద గట్టి రక్షణ ప్లేటు కావాలి, టైర్లు కూడా వేరే.

డబ్బు లెక్క

మొత్తం బడ్జెట్‌లో సగానికి మించి కారు కొనడానికి పెట్టకండి. టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్, హెల్మెట్, ఎంట్రీ ఫీజు అన్నీ మిగతా సగంలోంచే రావాలి. ఈ లెక్క దగ్గర మొహమాటపడితే కారు సగంలో ఆగిపోయి షెడ్డులో దుమ్ము పడుతుంది.

ఏ కారు?

నా ఓటు 2005లో వచ్చిన మొదటి తరం మారుతి స్విఫ్ట్ పెట్రోల్‌కి. 1.3 లీటర్ ఇంజన్, 87 హార్స్‌పవర్, బరువు వెయ్యి కిలోల చుట్టుపక్కల. 2010లో దాని స్థానంలో 1.2 ఇంజన్ వచ్చింది, అదీ మంచిదే. ఇంకా తేలిక కావాలంటే ఎస్టీమ్ ఉంది, 900 కిలోల లోపే. కానీ ఇప్పుడు మంచి ఎస్టీమ్ దొరకడం కష్టం. చిన్న క్లాసులో దిగాలంటే ఆల్టో కే10. డీజిల్ వద్దని చెబుతాను. ఇంజన్ బరువంతా ముందు చక్రాల మీద పడి మలుపులో ముక్కు బయటికి లాగుతుంది. పాత హోండా సిటీ వీటెక్ ఇంజన్ అంటే నాకూ ప్రాణమే, కానీ మొదటి కారుగా మాత్రం సామాను తేలిగ్గా దొరికేదే తీసుకోండి. మారుతి సామాను హైదరాబాద్‌లో పుత్లీబౌలి, రాణీగంజ్ దుకాణాల్లో దొరుకుతుంది, వాటి మీద చెయ్యి తిరిగిన మెకానిక్కులూ ఎక్కువే.

బాడీ చూడటం

ఇక్కడ తొందరపడకండి. ఇంజన్ బోర్‌కొస్తే చేయించుకోవచ్చు, వంగిన బాడీని మళ్లీ మొదటిలా చేయడం చాలా కష్టం. పొద్దుటి ఎండలో చూడండి. బానెట్ ఎత్తి, ఇంజన్ పక్కన, చక్రం పైన ఉండే లోపలి రేకు (ఆప్రాన్) మీద వేలు పెట్టి జరపండి. ఫ్యాక్టరీ వెల్డింగ్ చుక్కలు వరసగా, గుండ్రంగా, చిన్న గుంటల్లా తగులుతాయి. చుక్కలు కనపడకుండా పైన బ్రష్‌తో సీలెంట్ పూసి ఉంటే ఆ కారు ముందు వైపు గుద్దుకున్నట్టే. పలచటి గుడ్డలో అయస్కాంతం చుట్టి తలుపుల మీద, చక్రాల పైభాగంలో జరపండి. పట్టు వదిలేసిన చోట లప్పం ఉంది.

వరదలో మునిగిన కారు మన ఊళ్లో ప్రత్యేకంగా చూసుకోవాల్సిన సంగతి. 2020 అక్టోబర్ వరదలకి టోలీచౌకి లాంటి చోట్ల కార్లు నీళ్లలో ఉండిపోయాయి. సీటు బెల్టు చివరిదాకా లాగండి. కింది భాగంలో బురద గీత ఉంటే, ఎంత తక్కువకిచ్చినా ఆ కారు వద్దు. మేమొక కారు ఇలాగే చూశాం, సీట్లు కొత్తవి, పాలిష్ అద్దంలా ఉంది. స్టెప్నీ తీస్తే దాని గుంటలో ఎండిన సన్నటి ఒండ్రు. మా బావమరిది మొహం చిన్నబోయింది గానీ, అక్కడే వద్దనుకుని వచ్చేశాం. వైజాగ్ లాంటి సముద్రపు ఊళ్ల నుంచి వచ్చిన కారయితే కింద తుప్పు కూడా వెతకండి.

ఇంజన్, గేరు

కారు చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమనండి. ముందే వేడి చేసి ఉంచితే ఇంకోరోజు వస్తామని చెప్పండి. నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతోంది. ఆయిల్ మూత కింద పాలమీగడలాంటి జిగురు ఎక్కువగా ఉంటే ఆయిల్‌లో నీళ్లు చేరాయేమో, హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) చూపించాలి. నడిపేటప్పుడు థర్డ్ నుంచి సెకండ్‌కి పదిసార్లు దించండి. ఒక్కసారి కిర్రుమన్నా సింక్రో (గేర్లు శబ్దం లేకుండా కలిసేలా చేసే రింగు) అరిగిందని గుర్తు, ఆ ఖర్చు ధరలోంచి తీసేయమనండి.

కాగితాలు

2010కి ముందు కారయితే 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు దాటేసి ఉంటుంది. రెన్యూవల్ అయిందా, లోను బాకీ ఉందా, చలాన్లు ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయో చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్నదానికి భిన్నంగా కారుని మార్చి రోడ్డు మీద తిప్పకూడదు. పెద్ద మార్పులు చేస్తే కారుని మైదానానికి వేరే బండి మీద తీసుకెళ్లాల్సిందే. మామూలు మోటార్ ఇన్సూరెన్స్ పాలసీలో రేసింగ్‌కి కవరేజీ ఉండదు. ఇక ఔటర్ రింగ్ రోడ్డు మీద స్పీడు పరీక్షలు చేయొద్దు, అక్కడ పక్క లేన్లో వేరే వాళ్ల పిల్లలుంటారు.

ఇంటికి తెచ్చాక

మొదటి పోటీకి ఇంజన్ జోలికి వెళ్లకండి. కొత్త బ్రేకు ప్యాడ్లు, కొత్త బ్రేకు ఫ్లూయిడ్, మంచి టైర్లు, అలైన్‌మెంట్, ఇవి చాలు. తారు మీద పోటీ అయితే జేబులో ఒక సుద్దముక్క పెట్టుకెళ్లండి. పరుగుకి ముందు టైరు అంచు నుంచి దాని పక్క గోడ (సైడ్‌వాల్) మీదికి గీత గీసి, వచ్చాక చూడండి. సుద్ద పక్క గోడ దాకా చెరిగిపోతే రెండు పీఎస్‌ఐ గాలి పెంచి మళ్లీ గీయండి. అంచు దాకా కూడా చెరగకపోతే కొంచెం తగ్గించండి.