ఇంట్లో లాటే ఆర్ట్ ఎలా వేయాలి? ముందు పాలు, తర్వాతే బొమ్మ

కాఫీ కప్పులో పాల నురగతో వేసిన తెల్లటి గుండె బొమ్మ చూడగానే అందరూ పోసినవాళ్ల చేతివాటాన్ని మెచ్చుకుంటారు. కానీ అసలు పని అంతకు ముందే జగ్గులో పూర్తయిపోయి ఉంటుంది. పాలు కుదిరితే కొత్తగా నేర్చుకునేవాళ్లకు కూడా ఓ మాదిరి గుండె బొమ్మ పడుతుంది. కుదరకపోతే ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా తెల్ల మచ్చే మిగులుతుంది. అందుకే ఇక్కడ పోయడం కంటే పాల గురించే ఎక్కువ చెప్తున్నాను. పైగా బెజవాడ, గుంటూరు ఇళ్లలో దీనికి మరో రెండు విషయాలు తోడవుతాయి. ఒకటి ఎండ. రెండోది, ప్యాకెట్ ఇంటికి రాగానే పాలు కాచేసే అలవాటు.

ఏ పాలు తీసుకోవాలి?

మన దగ్గర పాలకు కొదవ లేదు. విజయవాడలో చిట్టినగర్ పాల ఫ్యాక్టరీ నుంచి వచ్చే విజయ, గుంటూరు వైపు వడ్లమూడి నుంచి వచ్చే సంగం, ఇంకా ఎన్నో కంపెనీల ప్యాకెట్లు తెల్లారకముందే బూత్‌లకు చేరతాయి. కంపెనీ ఏదైనా ఫర్వాలేదు. ప్యాకెట్ రంగు చూసి కొనకండి, ఒక్కో కంపెనీది ఒక్కో రంగు. వెనక రాసిన కొవ్వు శాతం చూడండి. టోన్డ్ పాలలో కనీసం 3 శాతం, స్టాండర్డైజ్డ్‌లో 4.5 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం కొవ్వు ఉంటుంది.

నురగను నిలబెట్టేది పాలలోని ప్రొటీన్. కొవ్వు రుచినీ నునుపునీ ఇస్తుంది. ఫుల్ క్రీమ్ పాలు తాగడానికి బ్రహ్మాండంగా ఉంటాయి కానీ బరువుగా జారతాయి, మొదట్లో చేతికి లొంగవు. నా మాట వింటే టోన్డ్‌తో మొదలుపెట్టి, నురగ మీద పట్టు వచ్చాక స్టాండర్డైజ్డ్‌కు మారండి. రుచి, బొమ్మ రెండూ చక్కగా కుదిరేది అందులోనే.

ప్యాకెట్ ఎప్పటికప్పుడు కొత్తది కావాలి. పాలు పాతబడేకొద్దీ కొవ్వు విడిపోయి ఫ్యాటీ యాసిడ్లు బయటికొస్తాయి. అవి బుడగల పట్టును తెంచేస్తాయి. వాసన బాగానే ఉన్నా నురగ మాత్రం చూస్తుండగానే చప్పబడిపోతుంటే, తప్పు మీ చేతిది కాదు, పాలది.

ఇక కాచడం సంగతి. ప్యాకెట్ కత్తిరించి నేరుగా జగ్గులో పోస్తుంటే ఇంట్లో అమ్మ చూసి ‘పచ్చిపాలు పోస్తున్నావేంట్రా!’ అనకుండా ఉండదు. ప్యాకెట్ మీద ‘పాశ్చరైజ్డ్’ అని ఉంటే అవి పచ్చిపాలు కావు. డెయిరీలో సాధారణంగా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడి చేసి, వెంటనే చల్లార్చి ప్యాక్ చేసినవే. ప్యాకెట్ చిరగకుండా, మొదటినుంచీ ఫ్రిజ్‌లోనే ఉంటే వాటిని కాచకుండానే స్టీమ్ చేయొచ్చు, అంటే కాఫీ మిషన్ ఆవిరితో వేడి చేసి నురగ తెప్పించొచ్చు. గేదె పాలు పోసే ఆయన దగ్గర తీసుకునే విడి పాల విషయం వేరు. వాటిని తప్పకుండా కాచాలి, ఎందుకంటే స్టీమింగ్‌లో వచ్చే వేడి వాటికి చాలదు. కాచి, ఫ్రిజ్‌లో పెట్టి, మీగడ తీసేసి, సన్నటి జల్లెడలో వడగట్టి వాడుకోవచ్చు. మీగడ తునక ఒక్కటి మిగిలినా పోసేటప్పుడు జగ్గు ముక్కు దగ్గర అడ్డం పడుతుంది.

ఎండతో ఏంటి సంబంధం?

చాలా ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు 4, 5 డిగ్రీల దగ్గర ఉంటాయి. వాటిలోకి గాలి ఎక్కించాల్సిన సమయం అక్కడ మొదలై, పాలు ఒంటి వేడికి, అంటే సుమారు 37 డిగ్రీలకు రాగానే ముగుస్తుంది. మే నెలలో బెజవాడ వంటగట్టు మీద పాలు కాసేపు వదిలేస్తే అవే 30 డిగ్రీలు దాటిపోతాయి. ఇక మీకు మిగిలేది ఒకటి రెండు సెకన్లే. అందుకే స్టీల్ జగ్గులో పాలు పోసి, ఆ జగ్గునే ఫ్రిజ్‌లో పెట్టండి. మిషన్ పూర్తిగా సిద్ధమయ్యాకే బయటికి తీయండి. ఎండాకాలంలో కప్పును ముందుగా వేడి చేయాల్సిన పని మాత్రం మనకు తప్పుతుంది, అల్మరాలోనే వేడెక్కి ఉంటుంది!

ఏమేం కావాలి?

350 మిల్లీలీటర్ల స్టీల్ జగ్గు ఒకటి. దాని ముక్కు సన్నగా, స్పష్టంగా మడత పడి ఉండాలి. స్టీలు సామాన్ల కొట్లో దొరికే మామూలు పాల జగ్గు ముక్కు వెడల్పుగా ఉంటే బొమ్మకు పనికిరాదు, ఈ ఒక్కదాని మీద నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టండి. 180 నుంచి 200 మిల్లీలీటర్లు పట్టే, అడుగు గుండ్రంగా, నోరు వెడల్పుగా ఉన్న కప్పు. వాండ్, అంటే మిషన్‌కు ఉండే ఆవిరి గొట్టం, తుడవడానికి విడిగా ఒక తడిబట్ట. స్టీమ్ వాండ్ ఉన్న చిన్న ఎస్ప్రెసో మిషన్, అంటే వేడినీళ్లను ఒత్తిడితో పంపి చిక్కటి కాఫీ దించేది.

కాఫీ పొడి చికోరీ కలపనిది తీసుకోండి. చికోరీ నీళ్లు తగలగానే బంకగా మారి మిషన్ ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది, పైన రావాల్సిన గోధుమ రంగు క్రీమా కూడా పలచబడుతుంది. అరకు, చింతపల్లి వైపు పండే అరబికా దీనికి చక్కగా సరిపోతుంది. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో దిగాలి అన్నది ఎక్కువమంది పాటించే లెక్క. చిన్న మిషన్‌లో అంత పొడి పట్టకపోతే అదే పాళ్లలో తగ్గించుకోండి.

బోరు నీళ్లు మాత్రం మిషన్‌లో పోయకండి. ఉప్పు పేరుకుపోయి కొన్నాళ్లకు ఆవిరి జోరు తగ్గిపోతుంది.

పాలు స్టీమ్ చేయడం

ఫిల్టర్ కాఫీ గ్లాసులోంచి గ్లాసులోకి ఎత్తి పోస్తే పైన పెద్ద పెద్ద బుడగలతో నురగ కడుతుంది. అది చూసి పెరిగిన కళ్లకు నురగ అంటే అదే. లాటేకు కావాల్సిన నురగలో ఒక్క బుడగ కూడా కంటికి కనపడకూడదు. గాలి అంతా పాలలో కలిసిపోయి, మొత్తం ఒకే చిక్కదనంతో, కరిగిన వెనిలా ఐస్‌క్రీమ్‌లా మెరుస్తూ జారాలి.

జగ్గులో పాలు ముక్కు మొదలయ్యే చోటికి కాస్త కిందవరకే, అంటే సుమారు 150 మిల్లీలీటర్లు పోయండి. ఎక్కువైతే పొంగిపోతాయి, తక్కువైతే సుడి తిరగదు.

ఇంటి మిషన్లలో చాలావరకు కాఫీ దించడానికీ, ఆవిరికీ ఒకటే బాయిలర్. కాబట్టి ముందు కాఫీ దించుకుని, స్టీమ్ బటన్ నొక్కి, లైటు వచ్చేదాకా ఆగండి. తర్వాత వాండ్ కింద ఖాళీ గ్లాసు పెట్టి ఒక్కసారి ఆవిరి వదలండి. మొదట నీళ్లే వస్తాయి. పొడి ఆవిరి వచ్చేదాకా వదిలి, ఆపి, అప్పుడు ఫ్రిజ్‌లోంచి జగ్గు తీయండి.

జగ్గును కొద్దిగా పక్కకు వంచి, వాండ్ కొనను పాల పైతలానికి కొంచెం కింద, అర సెంటీమీటరు లోపలే ముంచండి. నట్టనడుమ వద్దు, గోడకు తగలనూ వద్దు. ఆ రెంటికీ మధ్యన ఉంటేనే పాలు సుడి తిరుగుతాయి. ఇప్పుడు ఆవిరిని పూర్తిగా తిప్పండి, సగం సగం తిప్పితే బుడగలే వస్తాయి.

ఇక్కడినుంచి చెవితో పని. కొన సరైన చోట ఉంటే ‘చిర్... చిర్...’ అని చిన్నగా, ఆగి ఆగి వినపడుతుంది. ప్రతి చిర్రుకూ కాస్త గాలి లోపలికి వెళ్తోందన్నమాట. బుడబుడమని పాలు చిమ్ముతుంటే కొన పైకి వచ్చేసింది, జగ్గును వెంట్రుకవాసి ఎత్తండి. కీచుమని అరుస్తుంటే కొన బాగా లోపలికి పోయి గాలి అందట్లేదు, జగ్గును కాస్త దించండి. కదలికలు చాలా చిన్నవిగా ఉండాలి. రెండో అరచేతిని జగ్గు పక్కన ఆనించి ఉంచండి. చల్లదనం పోయి, వేడీ కాదు చలువా కాదు అన్నట్టు అనిపించగానే గాలి ఎక్కించడం ఆపేయాలి. అప్పటికి పాలు మొదట ఉన్నదానికంటే నాలుగో వంతు పెరిగి ఉంటే చాలు. అంతకు మించితే అది కాపుచినోకు వేసే మందపాటి నురగ.

ఆపడమంటే ఆవిరి కట్టేయడం కాదు. జగ్గును ఒక సెంటీమీటరు ఎత్తి, కొనను కాస్త లోతుకు పంపడం. చిర్రుమనే చప్పుడు ఆగిపోయి పాలు గిర్రున తిరుగుతాయి. మొదట్లో చేరిన పెద్ద బుడగలను ఈ సుడే లోపలికి లాగి చితక్కొడుతుంది, కాబట్టి దీన్ని తొందరగా ముగించకండి. జగ్గు మీద అరచెయ్యి ఒక్క క్షణం కంటే ఆనించలేనంత వేడెక్కగానే ఆవిరి ఆపండి. అది 60 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. మొదట్లో థర్మామీటర్ పెట్టుకుంటే చేతికి లెక్క తెలుస్తుంది. 65 దాటకపోవడం మంచిది. 70 దాటితే పాల తియ్యదనం పోయి కాగిన పాల వాసన వస్తుంది, నురగ కూడా గరుగ్గా మారుతుంది. కాఫీ పొగలు కక్కాలనే ఇంట్లోవాళ్లకు ఇది చల్లగా అనిపించవచ్చు. వాళ్లకు వేరే కప్పు చేసివ్వండి, బొమ్మ కప్పు మాత్రం ఇంతే వేడి.

ఆవిరి పూర్తిగా ఆగాకే వాండ్ బయటికి తీయాలి. వెంటనే తడిబట్టతో తుడిచి, ఇంకోసారి ఆవిరి వదలండి. ఒక్క నిమిషం బద్ధకిస్తే పాలు వాండ్‌కు అట్టకట్టుకుపోతాయి.

వాండ్ చివర లావుపాటి తొడుగు ఉన్న మిషన్లు ఉంటాయి. దాని పక్కన ఉండే చిన్న రంధ్రం గాలిని దానంతట అదే లాగేస్తుంది. తొడుగు ఊడేది కాకపోతే, ఆ రంధ్రం పాలపైన ఉండేలా రెండు మూడు సెకన్లు ఉంచి, తర్వాత అది మునిగేలా జగ్గు ఎత్తండి.

మిషన్ లేకపోతే పాలను సన్నమంట మీద 60 డిగ్రీలకు తెచ్చి, ఫ్రెంచ్ ప్రెస్‌లో (జల్లెడ ఉన్న పిడిని నొక్కి కాఫీ వడగట్టే పాత్రలో) పోసి, పిడిని ముందు పైతలం దగ్గర కొన్నిసార్లు వేగంగా, తర్వాత లోతుగా ఇంకొన్నిసార్లు ఆడించండి. వాటితో గుండె బొమ్మ వస్తుంది. చిక్కటి డికాక్షన్ మీద కూడా పడుతుంది, కాకపోతే రంగుల తేడా అంత కొట్టొచ్చినట్టు ఉండదు.

కప్పులో పోయడం

స్టీమ్ అవ్వగానే జగ్గును గట్టు మీద ఒకటి రెండుసార్లు తట్టి, గుండ్రంగా తిప్పుతూ ఉండండి. ఆపితే కొన్ని సెకన్లలోనే నురగ పైకి, పాలు కిందికి విడిపోతాయి. అందుకే ఫోన్‌లో ఫొటో ఆలోచన తర్వాత.

ఇందులో తెలుసుకోవాల్సిన కిటుకు ఒకటే. ఎత్తునుంచి సన్నగా పోస్తే పాలు కాఫీ పైపొరను చీల్చుకుని అడుగుకు వెళ్లి కలిసిపోతాయి. దగ్గరనుంచి ధారాళంగా పోస్తే ఆ జోరు ఉండదు కాబట్టి నురగ పైనే తేలి తెల్లగా పరుచుకుంటుంది. బొమ్మలన్నీ ఈ రెంటి ఆటే.

కప్పును మీ వైపు కాస్త వంచి పట్టుకోండి. ఏడెనిమిది సెంటీమీటర్ల ఎత్తునుంచి, కాఫీ లోతుగా ఉన్న చోట సన్నటి ధారగా పోయండి. పైతలం అంతా ఒకే గోధుమ రంగులో ఉండాలి. కప్పు సగం పైన నిండాక జగ్గును ఒక్కసారిగా దించి, ముక్కు కాఫీకి తగులుతుందా అన్నంత దగ్గరికి తెచ్చి ధార పెంచండి. చాలామంది ఇక్కడే భయపడి చెయ్యి పైకి లాగేస్తారు. లాగకండి. ముక్కు ముందు తెల్లటి చుక్క తేలి, గుండ్రంగా విచ్చుకుంటుంది. జగ్గును అక్కడే ఉంచి పోస్తూ కప్పును నిదానంగా నిటారు చేయండి. అంచుకు కొద్దిగా ముందు, ధార సన్నం చేసి, జగ్గును నాలుగైదు సెంటీమీటర్లు ఎత్తి, ఆ తెల్లని గుండ్రం మధ్యలోంచి అవతలి అంచుదాకా గీతలా లాగండి. గుండ్రం పైభాగం లోపలికి ముడుచుకుని, కొస సూదిగా మారి, గుండె బొమ్మ అవుతుంది.

అమెరికాలో ఈ కళను జనంలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు సియాటిల్‌లో ఎస్ప్రెసో వివాచే అనే కాఫీ షాపు నడిపిన డేవిడ్ షోమర్. 1980ల చివర్లో ఆయన మొదలుపెట్టిందీ ఈ గుండె బొమ్మే. ఆకు బొమ్మ రొజెట్టా ఆ తర్వాత వచ్చింది. మీరూ ఆ వరసలోనే వెళ్లండి. గుండె వరుసగా కుదురుతున్నప్పుడు, తెల్లచుక్క తేలగానే జగ్గును పక్కలకు చిన్నగా ఊపుతూ వెనక్కి జరిపితే ఆకు ఈనెలు పడతాయి.

బొమ్మ తేడా కొడితే కప్పును చూసి కారణం పట్టుకోవచ్చు. అసలు తెలుపే తేలకపోతే జగ్గు ఎత్తులో ఉండిపోయింది, లేదా పాలలో గాలి చాల్లేదు. తెల్లటి ముద్ద దబ్బున పడితే గాలి ఎక్కువైంది. బొమ్మ అంచులు చెదిరి చుక్కలు చుక్కలుగా ఉంటే సుడి సరిగా తిరగలేదు. బొమ్మ పక్కకు పోతే ముక్కు కప్పు నడిమికి లేదు.

సాధన కోసం లీటర్ల కొద్దీ పాలు పారబోయాల్సిన పని లేదు. జగ్గులో చల్లటి నీళ్లు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి స్టీమ్ చేయండి. నురగ దాదాపు పాలలాగే వస్తుంది, చెవికీ చేతికీ కావాల్సినంత అలవాటవుతుంది. ఆ నీళ్లు సింకులో పారబోసి, జగ్గునూ వాండ్‌నూ మంచినీళ్లతో శుభ్రంగా కడిగి, ఆవిరి వదిలి, అప్పుడే పాల దగ్గరికి వెళ్లండి. పోయడం నేర్చుకునే రోజున కాఫీకి బదులు అరచెంచా కోకో పొడి కాసిన్ని వేడినీళ్లలో కలిపి వాడితే పొడి ఖర్చు తగ్గుతుంది, అది పిల్లలు తాగేస్తారు కూడా.

ఒకసారి స్టీమ్ చేసిన పాలను మళ్లీ స్టీమ్ చేయకండి, రెండోసారి నురగ సరిగా కట్టదు. జగ్గులో మిగిలినవి టీలో పోసేయండి.