భూకంపం ఏ భ్రంశం మీద పుట్టిందో తేల్చడం

మ్యాపులో అధికేంద్రం (భూకంపం మొదలైన చోటుకు నేరుగా పైన నేల మీది బిందువు) పక్కనే ఒక భ్రంశ రేఖ (ఫాల్ట్ గీత, అంటే శిలలు పగిలి జరిగే తలం నేలను తాకే గీత) కనబడగానే నేరం దాని మీదికి నెట్టేయకండి. 2001 జనవరి 26న భుజ్ ప్రాంతంలో తీవ్రత 7.7 భూకంపం వచ్చినప్పుడు అనుమానం ముందు కచ్ మెయిన్‌లాండ్ భ్రంశం మీదికే పోయింది. అనంతర ప్రకంపనల్ని లోతుల వారీగా గీస్తే పగిలింది దక్షిణానికి వాలిన మరో తలమని, ఆ పగులు నేల పైదాకా రాలేదని బయటపడింది. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు అక్కడ పెట్టిన సీస్మోమీటర్లు (నేల కదలికను నమోదు చేసే పరికరాలు) ఈ పనికి బాగా అక్కరకొచ్చాయి.

ముందు వాలు చూడండి. 45 డిగ్రీలు వాలిన భ్రంశంలో పగులు 20 కి.మీ. లోతున మొదలైతే, అధికేంద్రం నేల మీది గీతకు 20 కి.మీ. దూరంలో పడుతుంది. పైగా అది పగులు మొదలైన చోటు మాత్రమే, ఎంతమేర పాకిందో చెప్పదు.

తర్వాత బీచ్‌బాల్ బొమ్మ, అంటే శిల ఎటు జరిగిందో భూకంప తరంగాల నుంచి లెక్కగట్టి గీసే గుండ్రటి బొమ్మ. అది ఎప్పుడూ ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు తలాల్ని చూపిస్తుంది, వాటిలో నిజంగా పగిలింది ఏదో చెప్పదు. 2019 జులై 4న కాలిఫోర్నియాలోని రిడ్జ్‌క్రెస్ట్ దగ్గర 6.4, మర్నాడు 7.1 వచ్చాయి. మొదటిదాని ప్రధాన నేల పగులు ఈశాన్యంగా, రెండోదానిది వాయవ్యంగా సాగింది. బీచ్‌బాళ్లు మాత్రం ఇంచుమించు ఒకేలా ఉన్నాయి!

తలాన్ని ఎంచుకోవడానికి అనంతర ప్రకంపనలే దిక్కు. జాబితాలో లోతు సరిగ్గా 10 కి.మీ. అని ఉన్నవాటిని పక్కన పెట్టండి. అవి చాలావరకు కొలిచినవి కావు, లెక్క కుదరక పెట్టిన అంకెలు. మిగిలినవాటి స్థానాల్ని డబుల్ డిఫరెన్స్ పద్ధతిలో (పక్కపక్క ప్రకంపనల తరంగాలు చేరిన సమయాల తేడాల్ని పోల్చి) మళ్లీ లెక్కకట్టండి. అప్పుడే మబ్బులా ఉన్న చుక్కలు పలకలా సర్దుకుంటాయి. అడ్డుకోత (నేలను నిలువుగా కోసినట్టు లోతుల్ని చూపే బొమ్మ) భ్రంశం దిశకు లంబంగానే తీయాలి. ఏటవాలుగా తీస్తే వాలు ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది.

ఇక నేల మీదికి వెళ్లి చూస్తే, అక్కడి బీటలన్నీ భ్రంశానివి కావు. ఏటి గట్టు వెంటే వంకర తిరిగేవి, ఇసుక ఉబికిన చోట ఉండేవి నేల జారడం వల్ల వచ్చినవి. గుట్టనీ వాగునీ లెక్కచేయకుండా ఒకే దిశలో దాటిపోయి, దారి పొడవునా ఒకే వైపు జరిగినదాన్ని నమ్మండి. కంచె, పొలం గట్టు, రోడ్డు అంచు ఎంత జరిగాయో కొలిచేటప్పుడు టేపు బీట దిశలో పట్టాలి. బీట దగ్గర నేల వంగిపోయి ఉంటుంది కాబట్టి రెండు వైపులా కొన్ని పదుల మీటర్ల దూరం నుంచి గీతల్ని సాగదీసి కలపండి. రోడ్డు మరమ్మతు వాళ్లకన్నా ముందే చేరుకోవడం మంచిది.

చివరగా లెక్క సరిచూడండి. ఉదాహరణకు పగులు పొడవు 50 కి.మీ., వాలు వెంట లోతు 15 కి.మీ., సగటు జరుగుబాటు 2 మీటర్లు, శిల దృఢత్వం 3×10¹⁰ పాస్కల్స్. వీటిని గుణిస్తే వచ్చే భూకంప భ్రామకం (సీస్మిక్ మొమెంట్) 4.5×10¹⁹ న్యూటన్ మీటర్లు, అంటే తీవ్రత సుమారు 7.0. సీస్మోమీటర్లు 7.0 అంటుంటే నేల మీద మీరు తీసిన కొలతలు 6.5 దగ్గరే ఆగితే, భ్రామకంలో దాదాపు అయిదున్నర రెట్ల తేడా ఉన్నట్టు. పైకి రాని పగులు ఇంకా ఎక్కడో ఉంది. మళ్లీ అనంతర ప్రకంపనల అడ్డుకోత దగ్గరికే వెళ్లండి.