పాత ఫోను కొందామా? మూడో పాఠం: మిగిలిన ఆయుష్షు లెక్క

మొదటి పాఠంలో *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు, అంటే ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరు, తీశాం. కేవైఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆ పదిహేను అంకెలూ వేసి 14422కు మెసేజ్ పంపి, అది బ్లాక్‌లిస్టులో, అంటే పోయాయనో దొంగవనో ఆపేసిన ఫోన్ల జాబితాలో, ఉందో లేదో చూసుకున్నాం. రెండో పాఠంలో తెర, చార్జింగ్ పిన్ను, స్పీకరు పరీక్షించాం. ఈ రెండూ దాటిన ఫోను దొంగదని నమోదైంది కాదు, పైకి దెబ్బతిన్నదీ కాదు. అయినా కొనొచ్చని ఇంకా చెప్పలేం. ఇంకెన్నాళ్ళు పని చేస్తుందో తేలాలి.

పర్లాకిమిడి వాళ్ళు పాతపట్నం, టెక్కలి దాకా వెళ్ళి కొంటారు. రాయగడ వాళ్ళు రైలెక్కి విజయనగరం వెళ్తారు. ఎక్కడికెళ్ళినా షాపులో వినిపించేది ఒకటే: "ఏడాదే వాడారు తమ్ముడూ, బిల్లు కూడా ఉంది." బిల్లు ఉండడం మంచిదే. కానీ బిల్లు మీద ఉన్నది ఎవరో కొన్న తేదీ. కంపెనీ అప్‌డేట్ల గడువు ఆ మోడల్ బజారులోకి వచ్చిన రోజు నుంచే నడుస్తుంది. శాంసంగ్ ఏ54 సంగతి చూడండి. 2023 మార్చిలో వచ్చింది. ఐదేళ్ళ సెక్యూరిటీ అప్‌డేట్లు, అంటే ఫోను భద్రతలోని లోపాలను పూడ్చే అప్‌డేట్లు, ఇస్తామన్నారు, అంటే 2028 మొదట్లో ఆగిపోతాయి. దాన్ని 2025లో సీలు విప్పి కొన్నవాడికైనా గడువు అదే.

అప్‌డేట్లు ఆగితే ఏమవుతుందిలే అనుకునేవాళ్ళకు మన భాష సంగతే ఒకటి చెబుతాను. 2018 ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా'ను ఒక రకంగా కూర్చిన మెసేజ్ వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయేవి. ఆపిల్ కొద్ది రోజుల్లోనే ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్‌కు 11.2.6 అనే అప్‌డేట్ పంపి సరిచేసింది. అప్‌డేట్ అందిన ఫోన్లు బాగుపడ్డాయి. ఇలాంటి లోపం రేపు మళ్ళీ బయటపడితే, అది డబ్బు కాజేసేవాడి చేతిలో పడితే, గడువు దాటిన ఫోనుకు మందు రాదు.

ఇక చేతిలో ఉన్న ఫోను సంగతి. సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరవండి. కొన్నింటిలో ఇంకో అడుగు లోపల, 'సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్' కింద ఉంటుంది. అక్కడ 'ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్' పక్కన ఒక తేదీ కనిపిస్తుంది. సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు ముందు దీన్నే చూడాలి. దాని దగ్గరే 'గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్' అని ఇంకో తేదీ ఉంటుంది. అది వేరు. కొత్తగా ఉంది కదా అని దాన్ని చూపిస్తే ఒప్పుకోవద్దు. మీ ఫోను హాట్‌స్పాట్ ఇచ్చి అక్కడే అప్‌డేట్ వెతికించండి. వెతికినా ఏమీ రాక, తేదీ ఏడాది వెనకే ఆగి ఉంటే ఆ ఫోనుకు కంపెనీ చేతులు దులుపుకున్నట్టే. పాత మోడల్‌లో మరీ కొత్త ఆండ్రాయిడ్ కనిపించినా అనుమానించండి. ఎవరో బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఉండొచ్చు. ఫోను ఆపి మళ్ళీ వేయించండి. బూట్‌లోడర్ (ఫోను వేయగానే మొదట నడిచే ప్రోగ్రాము) అన్‌లాక్ అయిందని మొదట్లోనే హెచ్చరిక వస్తే వదిలేయండి. అలాంటి ఫోన్లలో కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు.

ఇప్పుడు లెక్క. ధరలు ఉదాహరణకే, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. 2026 మార్చిలో ఏ54ను 12,000కు అడిగారనుకుందాం. బ్యాటరీ మార్పించడానికి 1,500 కలపండి. మొత్తం 13,500. మిగిలిన గడువు 24 నెలలు. భాగిస్తే నెలకు 562 రూపాయలు. అదే షాపులో 15,000కు కొత్త ఫోను ఉంది, నాలుగేళ్ళ సెక్యూరిటీ ఇస్తున్నారు అనుకోండి. 48తో భాగిస్తే నెలకు 312. చవకనుకున్నది ఖరీదైంది! పాత ఫోను కెమెరా బాగుంటుంది, తెర బాగుంటుంది, నిజమే. ఆ రెండు వందల యాభై రూపాయల తేడా కెమెరాకు ఇస్తున్నామని తెలిసి ఇస్తే తప్పులేదు. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసుకునే కుర్రాడు ఇవ్వొచ్చు. నేనైతే ఇవ్వను.

అదే నెలలో గెలాక్సీ ఎస్21 అడిగితే? 2021 జనవరి మోడల్, ఐదేళ్ళ సెక్యూరిటీ. మిగిలింది సున్నా. సున్నాతో భాగించలేం కాబట్టి బేరమూ లేదు.

ఐఫోన్ అడిగేవాళ్ళకు: ఎక్స్‌ఆర్ 2018ది, దానికి ఐఓఎస్ 26 రాలేదు. 2019 నాటి ఐఫోన్ 11కు వచ్చింది. కానీ 11లో 5జీ లేదు. ఇన్నేళ్ళని మాట ఇవ్వని చోట ఏడాదికి మించి లెక్కలో వేసుకోవద్దు.

గడువు తీరిన ఫోను చెత్తబుట్టకు అని కాదు. ఇక్కడ నేను ఫోన్లను రెండుగా విడదీస్తాను: డబ్బు తిరిగే ఫోను, మాటలు తిరిగే ఫోను. ఫోన్‌పే, బ్యాంకు, ఓటీపీలు ఉన్నదానికి గడువు ఉండి తీరాలి. మామ్మ చేతిలో పాటలకు, మనవడితో వీడియో కాల్‌కు ఉండే ఫోనుకు గడువు లేకపోయినా సర్దుకోవచ్చు. ఆమె బ్యాంకు ఖాతాకు కట్టిన సిమ్ మాత్రం అందులో వేయకండి. ఈ మాటల ఫోనుకూ ఒక కనీస హద్దు ఉంది: 2025 మే నుంచి ఐఓఎస్ 15.1 కన్నా పాత ఐఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. ఐఫోన్ 6 ఎంత చవకగా వచ్చినా ఇందుకే వద్దు.

ఇంకొకటి మన వైపు వాళ్ళు తప్పక చూడాల్సింది: బ్యాండ్లు, అంటే ఫోను అందుకోగల సిగ్నల్ తరంగాల రకాలు. నగరంలో వాళ్ళకు ఈ బాధ అంతగా ఉండదు. బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీని 2025 సెప్టెంబరు 27న మన ఒడిశాలోనే, ఝార్సుగుడలో ప్రారంభించారు. అది వాడే తరంగాల్లో ముఖ్యమైనది 700 మెగాహెర్ట్జ్, ఫోన్ల భాషలో బ్యాండ్ 28. తక్కువ ఫ్రీక్వెన్సీ కాబట్టి దూరం పోతుంది, గోడలు దాటి లోపలికి వస్తుంది. మోహన, ఆర్.ఉదయగిరి లాంటి కొండ ఊళ్ళకు అదే కావాలి. చిక్కేమిటంటే 2018, 2019 ప్రాంతంలో మన దేశంలో అమ్మిన చవక ఫోన్లు చాలావాటిలో బ్యాండ్ 28 లేదు. ఆ ఫోనులో బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ వేసి టవరు కింద నిలబడ్డా ఆ తరంగం అందదు.

జియోకు 2జీ, 3జీ లేవు, కాల్ కూడా 4జీ మీదే వెళ్ళాలి. అందుకని వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే సౌకర్యం, లేని ఫోను దానికి పనికిరాదు. దాని 4జీకి 3, 5, 40 బ్యాండ్లు కావాలి. 5జీ కోసమే కొంటుంటే ఎన్28, ఎన్78 అనే 5జీ బ్యాండ్లు రెండూ ఉన్నాయేమో చూడండి. తొలి రోజుల్లో వచ్చిన 5జీ ఫోన్లు కొన్నింటిలో ఒక్క బ్యాండే ఉండేది.

బ్యాండ్లు వెతకడానికి ఫోను పేరు చాలదు. ఒకే పేరుతో దేశానికో రకం అమ్ముతారు. 'అబౌట్ ఫోన్'లో మోడల్ నంబరు ఉంటుంది, దాన్ని కంపెనీ వివరాల్లో వెతకండి. తరువాత మీ సిమ్ రెండు స్లాట్లలోనూ వేసి ఒక కాల్ చేయండి. కాల్ నడుస్తుండగా 4జీ గుర్తు నిలిచి, నెట్ పనిచేస్తే వోల్టీ బాగున్నట్టు. విజయనగరం బజారులో సిగ్నల్ నిండుగా ఉందని మురిసిపోకండి. అక్కడ ఏ ఫోనుకైనా ఉంటుంది. ఒక రోజు మీ ఊళ్ళో వాడి చూసి తెస్తానని అడగండి. బయానా తీసుకుని ఒప్పుకునే షాపులు ఉంటాయి. ఒప్పుకోకపోతే కనీసం బ్యాండ్ల జాబితా చూడకుండా డబ్బులు తీయొద్దు.

ఇంటి పని: ఇంట్లో ఉన్న రెండు ఫోన్లు తీసుకోండి. మోడల్ నంబరు, ఆ మోడల్ బజారులోకి వచ్చిన నెల, సెక్యూరిటీ తేదీ, బ్యాండ్ 28 ఉందా లేదా అన్నవి కాగితం మీద రాయండి. ఆ ఫోనును ఇప్పుడు ఎవరైనా అమ్ముతుంటే నెలకు మూడు వందలు మించకుండా ఎంత ఇవ్వొచ్చో లెక్కకట్టండి. సొంత ఫోను మీద ఈ లెక్క చేసినప్పుడు అంకె నచ్చకపోవచ్చు. కాగితం దాచి ఉంచండి, నాలుగో పాఠంలో బ్యాటరీ ఆరోగ్యం చూసి అదే అంకెలో కోత వేస్తాం.