పెటీట్ అంటే సన్నగా ఉండేవాళ్లకి కాదు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో నా దగ్గరికి ఆల్టరేషన్‌కి వచ్చే మన అమ్మాయిలు చాలామంది పెటీట్ బట్టల వైపే వెళ్లరు. "నేను లావు కదక్కా, అవి సన్నగా ఉండేవాళ్లకి" అంటారు. కాదమ్మా. బట్టల షాపులో పెటీట్ అంటే ఎత్తు లెక్క. అమెరికాలో మామూలుగా 5 అడుగుల 4 అంగుళాలు, అంతకంటే తక్కువ ఉన్న ఆడవాళ్ల కోసం కుట్టినవి. లేబుల్ మీద అంకె ఒంటి లావుకి, పక్కనున్న 'పి' ఎత్తుకి. 14పి కూడా ఉంటుంది. పొట్టిగా, బొద్దుగా ఉంటే అది వేసుకుని చూడండి.

మామూలు సైజు కొని కింద కత్తిరిస్తే సరిపోదా అంటే, అన్నిసార్లూ సరిపోదు. ప్యాంటు మోకాలి దగ్గర ఉండాల్సిన నొక్కు పిక్క మీదికి జారుతుంది. బూట్‌కట్ అయితే కింద విచ్చుకునే భాగమే నా కత్తెరకి పోతుంది. కోటుతో ఇంకా తంటా. చేతులు తగ్గించగలను గానీ, నడుం నొక్కు పైకి జరపాలంటే దాదాపు మొత్తం విప్పాలి, ఆ కూలికి ఇంకో కోటు కొనుక్కోవచ్చు. ట్రయల్ రూంలో ఒకసారి పక్కకి వంగి చూడండి. మీ నడుం మడత పడే చోటే కోటు నొక్కు ఉండాలి. కాళ్లు పొడుగై, నడుం పైభాగం పొట్టిగా ఉంటే కోటు పెటీట్‌లో, ప్యాంటు మామూలు సైజులో తీసుకోండి.

కెనడా బట్టల మీద 'ఎస్' పక్కన గీత, ఆ తర్వాత 'పి' ఉంటే అది ఈ పెటీట్ సైజు కాదు. ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ వేశారంతే. అక్కడ 'పి' అంటే ఫ్రెంచిలో స్మాల్.

మనిషిని 'షీ ఈజ్ పెటీట్' అన్నప్పుడు మాత్రం పొట్టితో పాటు సన్నగా, నాజూగ్గా ఉందనే అర్థం. మెచ్చుకోలుగానే అంటారు. అయినా ఆఫీసులో తోటి ఉద్యోగిని గురించి అనకపోవడమే మర్యాద, ఎంతైనా ఒంటి తీరు మీద మాట కదా! మగవాళ్లకి ఈ మాట వాడరు. ఫ్రెంచి స్త్రీలింగ రూపమే ఇంగ్లీషులోకి వచ్చింది. మగవాణ్ని షార్ట్ అంటారు, బక్కగా కూడా ఉంటే స్లైట్ అంటారు. మీ ఆయన పొట్టిగా ఉండి, ఛాతీ 38 అంగుళాలైతే, సూటు కొనేటప్పుడు '38 షార్ట్' అని అడగండి.

పలకడం 'పెటైట్' కాదు. అపెటైట్‌ని చూసి అలా అనేస్తుంటారు. 'పటీట్', 'టీ' దగ్గర నొక్కి పలకాలి.