సుడో లేకుండా కమాండ్ లైన్ టూల్స్ పెట్టుకునుడు ఎట్లా

అమీర్‌పేటలో మా రూమ్‌కి వచ్చే తమ్ముళ్లు ఎక్కువ అడిగేది ఇదే, అన్నా ఆఫీసు లినక్స్ సర్వర్‌లో సుడో, అంటే అడ్మిన్ హక్కు, ఇవ్వలేదు, రిప్‌గ్రెప్ కావాలి ఎట్లా అని. సుడోతో పనే లేదు. ఫైళ్లలో మాటలు వెతికే రిప్‌గ్రెప్, లిస్టులోంచి ఏరుకునే ఎఫ్‌జెడ్‌ఎఫ్, జేసన్ డేటా చదివే జేక్యూ ఇట్లాంటివన్నీ ఒక్కొక్క ఫైలే, మన హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకుంటే నడుస్తాయి.

ముందు యునేమ్ హైఫన్ ఎం కొట్టి మెషిన్ ఏందో చూడండి. ఎక్స్86_64 అని వస్తే ఇంటెల్ లేదా ఏఎండీ, ఏఆర్చ్64 వస్తే ఆర్మ్. గిట్‌హబ్‌లో ఆ టూల్ రిలీజెస్‌లో దానికి సరిపోయే ఫైలు తీసుకోవాలి, కొందరు ఏఎండీ64 అని రాస్తారు, ఇంటెల్ లాప్‌టాప్ అయినా అదే తీసుకోండి, రెండూ ఒకటే. తప్పుది తీస్తే ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ వస్తది. పేరులో గ్నూ, మజిల్ అని రెండు రకాలుంటే పాత సర్వర్‌కి మజిల్‌దే మంచిది, గ్నూది ఆ మెషిన్‌లో ఉన్న జీలిబ్‌సీ అనే సిస్టమ్ లైబ్రరీ మీద ఆధారపడతది, అది పాతదైతే వెర్షన్ దొరకలేదని ఆగిపోతది.

డౌన్‌లోడ్‌కి కర్ల్ వాడితే క్యాపిటల్ ఎల్ తప్పకుండా పెట్టండి, గిట్‌హబ్ ఆ లింకుని వేరే అడ్రస్‌కి పంపిస్తది కాబట్టి. చిన్న ఎఫ్ కూడా పెట్టండి. ఒకసారి నేను అది పెట్టకుండా లింకులో వెర్షన్ నంబర్ తప్పు కొట్టిన, ఫైలు వచ్చింది, మూట విప్పే టార్ కమాండ్ మాత్రం ఇది జీజిప్ కాదు అంటది, గంటసేపు పరేషాన్ అయి ఎల్ఎస్ హైఫన్ ఎల్ కొట్టి చూస్తే సైజు 9 బైట్లు, లోపల నాట్ ఫౌండ్ అనే రెండు మాటలే. చిన్న ఎఫ్ ఉంటే కర్ల్ అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగేది.

తర్వాత షా256సమ్‌తో చెక్‌సమ్, అంటే ఫైలులోని డేటా నుంచి లెక్కకట్టే గుర్తు, ప్రాజెక్టు వాళ్లు ఇచ్చినదానితో సరిచూడండి. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, ఫైలు ఉన్న అదే చోట పెట్టిన చెక్‌సమ్ డౌన్‌లోడ్ పాడవ్వలేదని మాత్రమే చెప్తది, ఎవడన్నా ఆ అకౌంట్‌లోకే దూరితే రెండూ మార్చేస్తాడు, అందుకే అసలు ప్రాజెక్టు పేజీయేనా అని ముందే చూసుకోవాలి.

ఇప్పుడు అసలు పని. బైనరీని, అంటే నడిచే ఆ ఫైలుని, నేరుగా బిన్‌లో పడెయ్యకండి. హోమ్‌లో డాట్ లోకల్ లోపల ఆప్ట్ అని ఫోల్డర్ చేసి, అందులో రిప్‌గ్రెప్ 14.1.1 అని వెర్షన్‌తో సహా పేరు పెట్టి విప్పండి, డాట్ లోకల్ బిన్ నుంచి దానికి ఎల్ఎన్ హైఫన్ ఎస్‌ఎఫ్‌తో లింకు ఇవ్వండి. కొత్త వెర్షన్ లొల్లి పెడితే లింకు పాతదానికి తిప్పితే అయిపోతది. జేక్యూ లాంటివి టార్ లేకుండా ఉత్త ఫైలుగా వస్తాయి, వాటికి సీహెచ్‌మాడ్ ప్లస్ ఎక్స్ కొట్టాలి.

కమాండ్ నాట్ ఫౌండ్ అని వస్తే అది పాత్‌లో, అంటే షెల్ కమాండ్లు వెతికే ఫోల్డర్ల లిస్టులో, లేదన్నమాట. ఉబుంటులో ఆ బిన్ ఫోల్డర్ ఉంటేనే లాగిన్ అప్పుడు పాత్‌లో కలుస్తది, కాబట్టి ఫోల్డర్ చేశాక ఒకసారి లాగౌట్ అయి రండి. సిస్టమ్‌లో ఏపీటీ గెట్‌తో పెట్టింది కూడా ఉంటే ఏది నడుస్తుందో టైప్ హైఫన్ ఏ కొడితే తెలుస్తది, బ్యాష్ షెల్ ఇంకా పాతదాన్నే పట్టుకుంటే హ్యాష్ హైఫన్ ఆర్ కొట్టండి.

ఇట్ల పెట్టినవి వాటంతట అవి అప్‌డేట్ కావు. నేను ఒక టెక్స్ట్ ఫైలులో టూల్ పేరు, వెర్షన్, లింకు రాసుకుని నెలకోసారి చూస్తా, సెక్యూరిటీ ఫిక్స్ ఉంటే ఆ రోజే మారుస్తా. వద్దనుకున్నప్పుడు ఆ ఫోల్డర్, ఆ లింకు తీసేస్తే చాలు.