లినక్స్ యాప్ ప్యాకేజింగ్ – 4వ పాఠం: పెట్టె లోపల ఏముంది, బయట ఏం మిగిలింది

గత పాఠంలో ఒక యాప్‌ఇమేజ్ ఫైలు (ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా నడిపే యాప్) దించుకుని, దానికి ఎగ్జిక్యూట్ అనుమతి ఇచ్చి, నడిపి చూడమన్నాను. లెక్క ప్రకారం ఈసారి ఫ్లాట్‌పాక్ (యాప్‌లను పంచే ఇంకో పద్ధతి) మొదలుపెట్టాలి. కానీ మీలో కొందరికి యాప్ తెరుచుకోకపోవడం అటుంచి, రీస్టార్ట్ చేశాక డెస్క్‌టాప్ కూడా రాలేదు. ముందు ఆ సంగతి తేలుద్దాం. (కమాండ్లను ఎప్పటిలాగే పలికినట్టు రాస్తున్నాను. టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే.)

మీకు వచ్చిన ఎర్రర్ అందరికీ ఒకటే: లిబ్‌ఫ్యూజ్ (ఫ్యూజ్ అనే ఏర్పాటుకు చెందిన లైబ్రరీ, అంటే ప్రోగ్రామ్‌లు పంచుకునే కోడ్) రెండో వెర్షన్ దొరకలేదు అని. యాప్‌ఇమేజ్ అంటే కుదించిన ఒక ఫైల్ సిస్టమ్, దాని ముందు అతికించిన చిన్న రన్‌టైమ్. మీరు డబుల్ క్లిక్ చేయగానే ఆ రన్‌టైమ్ ఫ్యూజ్ సాయంతో ఫైల్ సిస్టమ్‌ని తాత్కాలికంగా మౌంట్ చేసి (అంటే మామూలు ఫోల్డర్‌లా కనబడేట్టు తెరిచి), లోపలున్న ప్రోగ్రామ్‌ని నడుపుతుంది. పాత రన్‌టైమ్‌లకు లిబ్‌ఫ్యూజ్2 కావాలి. ఉబుంటు 22.04 నుంచి అది ముందే ఇన్‌స్టాల్ అయి రావడం లేదు, ఫ్యూజ్3 మాత్రమే వస్తోంది. కొత్త రన్‌టైమ్‌తో కట్టిన యాప్‌ఇమేజ్‌లకు ఈ గొడవ లేదు. ఒకే కంప్యూటర్లో ఒకటి నడిచి, ఇంకొకటి మొరాయించడానికి కారణం అదే.

ఇక్కడిదాకా ఇబ్బందేమీ లేదు. చిక్కంతా పేర్లతో వచ్చింది, మీరు పెట్టాల్సినదానికి బదులు ఇంకోటి పెట్టారు. 22.04లో పెట్టాల్సిన ప్యాకేజీ లిబ్‌ఫ్యూజ్2. 24.04లో దాని పేరు లిబ్‌ఫ్యూజ్2టీ64. ఇది ఉత్త లైబ్రరీ, ఫ్యూజ్3 పక్కన తన మానాన తాను పడి ఉంటుంది. 'లిబ్' లేని 'ఫ్యూజ్' అనే ప్యాకేజీ వేరే. అది పాత రెండో తరం పనిముట్లు, దానికీ ఫ్యూజ్3కీ పొసగదు. ఆప్ట్‌కి (ఉబుంటులో ప్యాకేజీలు పెట్టి, తీసే కమాండ్) 'ఫ్యూజ్ ఇన్‌స్టాల్ చెయ్' అని చెబితే అది ముందు ఫ్యూజ్3ని పీకేస్తుంది. ఫ్యూజ్3 మీద ఆధారపడిన ఎక్స్‌డీజీ డెస్క్‌టాప్ పోర్టల్ (యాప్‌లకూ డెస్క్‌టాప్‌కూ మధ్యవర్తి) లాంటివి దాని వెంట పోతాయి, వాటి మీద ఆధారపడినవి వాటి వెంట పోతాయి.

ఆప్ట్ ఇదేదీ చాటుగా చేయదు. 'ఈ ప్యాకేజీలను తొలగించబోతున్నాం' అని జాబితా చూపించి, సరేనా అని అడుగుతుంది. మీరు వై నొక్కారు. కొందరైతే కమాండ్ చివరే మైనస్ వై తగిలించి, అడిగే అవకాశం కూడా ఇవ్వలేదు. నాకు చిరాకు తెప్పించేది ఇదే. ఒక ప్యాకేజీ పెట్టమన్నప్పుడు పది ప్యాకేజీలు తీసేస్తానంటే, అందులో మీరు గుర్తుపట్టే పేరు ఒక్కటి లేకపోయినా సరే, ఎన్ నొక్కి బయటికి రండి. పెట్టే జాబితా చదవకపోయినా ఫరవాలేదు, తీసే జాబితా మాత్రం ప్రతిసారీ చదవాలి. ఎక్కడో దొరికిన కమాండ్లో మైనస్ వై ఉంటే చెరిపేసి నడపండి.

ఇప్పటికే డెస్క్‌టాప్ పోయినవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు, మీ ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్ల తెర లాగిన్ వస్తుంది. అక్కడ ఫ్యూజ్3, ఉబుంటు-డెస్క్‌టాప్ రెండూ మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. ఇంకేం పోయాయో వార్, లాగ్, ఆప్ట్ ఫోల్డర్‌లోని హిస్టరీ లాగ్‌లో 'రిమూవ్' అన్న వరుసలో ఉంటాయి.

అసలు ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా కూడా పని నడుస్తుంది. యాప్‌ఇమేజ్ పేరు వెనక రెండు మైనస్‌లు పెట్టి యాప్‌ఇమేజ్-ఎక్స్‌ట్రాక్ట్ అని ఇస్తే, లోపలున్నదంతా స్క్వాష్‌ఎఫ్ఎస్-రూట్ అనే ఫోల్డర్‌గా బయటపడుతుంది. అందులో యాప్‌రన్ నడపడమే. నేను రోజూ వాడేవాటిని ఇలా విప్పి, హోమ్‌లో ఒక ఫోల్డర్లో పడేస్తాను. డిస్క్ మీద ఎక్కువ చోటు తింటుంది, తిననీ.

ఇక అసలు పాఠం. యాప్‌ఇమేజ్‌ని 'అన్నీ లోపలే ఉన్న యాప్' అంటారు. లిబ్‌ఫ్యూజ్ దగ్గర మీరే చూశారు, అన్నీ లేవు. బయట మిగిలినవాటిలో పెద్దది జీలిబ్‌సీ, దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల సీ లైబ్రరీ. దాన్ని సాధారణంగా పెట్టెలో పెట్టరు. ప్రోగ్రామ్‌ని, దాని లైబ్రరీలను మెమరీలోకి ఎక్కించే లోడర్ జీలిబ్‌సీలో భాగమే, అది ఎక్కడుందో ప్రతి ప్రోగ్రామ్‌లో పూర్తి దారితో రాసి ఉంటుంది. పైగా గ్రాఫిక్స్ డ్రైవర్లు మీ సిస్టమ్ నుంచే రావాలి, వాటికి సిస్టమ్ జీలిబ్‌సీయే కావాలి. లోపల ఒకటి, బయట ఒకటి ఉంటే రెంటికీ పడదు.

జీలిబ్‌సీ స్వభావం ఏమిటంటే, పాతదాని మీద కట్టిన యాప్ కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద నడవకపోవచ్చు. ఉబుంటు 20.04లో ఉన్నది 2.31, 22.04లో 2.35, 24.04లో 2.39. డెబియన్ 12లో 2.36. '2.34 దొరకలేదు' అన్న ఎర్రర్ మీలో చాలామందికి వచ్చింది కదా. ఆ అంకె అంత తరచుగా కనబడటానికి కారణం ఉంది. 2021లో వచ్చిన 2.34లో ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే ఫంక్షన్‌కే కొత్త వెర్షన్ ముద్ర పడింది. ఆ తర్వాతి సిస్టమ్ మీద కంపైల్ చేస్తే, ఒక్క వరుస అచ్చేసే బుల్లి ప్రోగ్రామ్ కూడా 2.34 అడుగుతుంది. ఆ ఎర్రర్ వస్తే మీ దగ్గర ఏదో లోపం ఉందని వెతకొద్దు. కట్టినవాళ్లు పాత డిస్ట్రోలో (ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ రకాల పాత వెర్షన్‌లో) కట్టి ఉండాల్సింది.

లోపల ఉన్నవాటికీ ఖర్చు ఉంది. డిస్క్ సైజు గురించి అందరూ వాదించుకుంటారు, నాకు అది పెద్ద విషయం కాదు. ఖర్చు సెక్యూరిటీ దగ్గర పడుతుంది. 2023 సెప్టెంబర్‌లో బొమ్మలు చదివే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీలో ఒక ప్రమాదకరమైన లోపం బయటపడింది. డిస్ట్రోలు ఒక ప్యాకేజీని సరిచేస్తే దాన్ని పంచుకునే యాప్‌లన్నిటికీ మందు పడింది. కానీ సొంత కాపీని కడుపులో పెట్టుకున్న ప్రతి యాప్‌నీ విడివిడిగా మళ్లీ కట్టాలి, మీరు విడివిడిగా మళ్లీ దించుకోవాలి. మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో అంతకుముందటి యాప్‌ఇమేజ్ ఉంటే, అందులో ఆ లోపం ఇంకా అలాగే ఉండొచ్చు. ఆప్ట్ అప్‌గ్రేడ్ దాని జోలికి పోదు. అందుకే నేను బ్రౌజర్‌ని యాప్‌ఇమేజ్‌గా వాడను. ఇంటర్నెట్‌తో పనిలేని బొమ్మల ఎడిటరో, పాత వెర్షనే కావాల్సిన ప్రోగ్రామో అయితే నిశ్చింతగా వాడతాను.

ఫ్లాట్‌పాక్ ఇక్కడ మధ్యేమార్గం పట్టింది. జీలిబ్‌సీతో సహా చాలా లైబ్రరీలను రన్‌టైమ్ అనే ఉమ్మడి పొరలో (యాప్‌ఇమేజ్ ముందుండే చిన్న రన్‌టైమ్ కాదు) పెట్టింది. వివరాలు వచ్చే పాఠంలో.

ఇంకొక్క మాట. 24.04లో ఎలక్ట్రాన్ (బ్రౌజర్ ఇంజిన్ మీద యాప్‌లు కట్టే పద్ధతి) యాప్‌ఇమేజ్ శాండ్‌బాక్స్ ఎర్రర్ ఇస్తే, నో-శాండ్‌బాక్స్ అని తగిలించమని చాలాచోట్ల రాసి ఉంటుంది. పని అవుతుంది, కానీ ఆ యాప్ తన చుట్టూ తాను కట్టుకున్న కంచెను మీరే పీకినట్టు. ఇంటర్నెట్ పేజీలు తెరిచే యాప్‌కి అలా చేయకండి.

అభ్యాసం: నమ్మకమైన చోటు నుంచి తెచ్చిన ఒక యాప్‌ఇమేజ్‌ని విప్పండి. ముఖ్య ప్రోగ్రామ్ ఏదో యాప్‌రన్‌ని చదివి కనుక్కోండి, అది స్క్రిప్ట్ కాకపోతే డెస్క్‌టాప్ ఫైల్లో ఎగ్జెక్ వరుస చూడండి. రీడ్‌ఎల్ఫ్ మైనస్ డీతో అది అడిగే లైబ్రరీల పేర్లు తీసి, లోపల ఉన్నవి ఒక వరుసలో, లేనివి ఇంకో వరుసలో రాయండి. తర్వాత ఆ ప్రోగ్రామ్ మీద, లోపలున్న ప్రతి లైబ్రరీ మీద ఆబ్జ్‌డంప్ మైనస్ టీ (ఇది పెద్ద టీ) నడిపి, జీలిబ్‌సీ అన్న వరుసల్లో అన్నిటికంటే పెద్ద వెర్షన్ అంకె పట్టుకోండి. ప్రోగ్రామ్ ఒక్కదాన్నే చూసి ఆగితే జవాబు తప్పుతుంది, పెద్ద అంకె ఏదో ఒక లైబ్రరీలో దాక్కుని ఉండొచ్చు. దాన్ని బట్టి ఈ యాప్ ఉబుంటు 20.04 మీద నడుస్తుందో లేదో చెప్పండి. జవాబు రాసుకున్న తర్వాతే వర్చువల్ మెషీన్లో నడిపి చూడండి. లిబ్‌వెబ్‌పీ కనబడితే దాని వెర్షన్ కూడా రాయండి. సరిచేసిన వెర్షన్ 1.3.2.